ఊర్మిళకి నిద్రయినా దొరికింది

నవంబరు రాగానే నా ఫోనుకి ఒక మెసేజీ వస్తుంది. పింఛనుదారు బతికే ఉన్నట్టు ధ్రువపత్రం నెలాఖరులోగా ఇవ్వాలనీ, ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుందనీ. ఈ ఏడూ వచ్చింది. పొద్దున్నే కాఫీకి పాలు పెట్టి నిలబడి ఉన్నాను. చదివాను, ఫోను గట్టు మీద పెట్టాను, మళ్ళీ తీసి చదివాను. ఆ పింఛను నాది కాదు, మా మేనత్తది. ఆవిడ మొన్న మార్చిలో పోయింది. 91 ఏళ్ళ మనిషి. ఇవ్వాల్సిన చోటల్లా కాగితాలు ఇచ్చాం, పింఛనూ ఆగింది. ఏదో ఒక జాబితాలో మాత్రం నా నంబరు పక్కన ఆవిడ పేరు ఇంకా మిగిలి ఉన్నట్టుంది. బతికి ఉన్నట్టు రుజువు చూపించమంటున్నారు. చిన్న విషయమే. చూసి వదిలేయాల్సింది. కానీ వారం రోజులుగా ఏ పని చేస్తున్నా ఆ మాటే లోపల మెసులుతోంది. ఒక మనిషి బతికిందనడానికి అసలు రుజువు ఏది? ఎవరి దగ్గరుంటుంది అది?

ఆవిణ్ణి ఏటా నవంబరులో నేనే బ్యాంకుకి తీసుకెళ్ళేదాన్ని. జీవన ప్రమాణ్ అని 2014లో మొదలుపెట్టారు కదా, కాగితం మీద సంతకం బదులు చిన్న యంత్రం మీద వేలు ఆనిస్తే చాలన్నారు. ఆ వేలు దగ్గరే వచ్చింది చిక్కంతా. బొటనవేలు పెడితే ఎర్ర దీపం. చూపుడు వేలు పెడితే ఎర్ర దీపం. కౌంటరు దగ్గర కుర్రాడు మంచివాడు, తడిగుడ్డ ఇచ్చాడు, తుడిచి పెట్టమన్నాడు, కాస్త గట్టిగా నొక్కమన్నాడు. పది వేళ్ళూ అయ్యాయి. "గీతలు అరిగిపోయాయండీ" అన్నాడు చివరికి, తన తప్పేదో ఒప్పుకుంటున్నట్టుగా. నేను ఆవిడ చెయ్యి నా చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూశాను. నిజమే. నూతి ఒర మీద తాడు ఒరిసీ ఒరిసీ రాయి నున్నబడుతుంది చూడండి, అలా ఉన్నాయి వేళ్ళ కొసలు. వయసు మీద పడితే చర్మం పలచబడుతుంది, ఎవరికైనా అంతే. కానీ చింతపండూ, కట్టెలూ, పేడనీళ్ళూ, ఉన్ని దారం, ఎన్నో ఇళ్ళ ఉత్తరాలూ పట్టుకున్న వేళ్ళవి. వయసొక్కటే అరగదీసిందని నేను అనుకోలేను. 2021 నుంచి ఫోనులోనే మొహం చూపిస్తే చాలన్నారు. ఇంట్లోనే, వసారాలో, వెలుగు పడేలా కూర్చోబెట్టి ఫోను ఎదురుగా పట్టుకున్నాను. "కళ్ళు ఒక్కసారి ఆర్పమంటోంది అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఫోను వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా అంది: "కన్నార్పకుండా ఉండటమే కదే నేను జన్మంతా నేర్చుకున్నది. ఇప్పుడు ఆర్పితేగానీ బతికున్నట్టు కాదా?"

ఊళ్ళో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. మిలిట్రీ అత్తయ్య అనేవారు, వరసతో పని లేకుండా. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల మిలిట్రీ అన్న మాట కొత్త కాదు. దగ్గర్లోనే మాధవరం ఉంది, మిలిట్రీ మాధవరం అంటే రాష్ట్రమంతా తెలుసు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి పంపిన ఊరు. అంత కాకపోయినా మా ఊళ్ళోనూ ప్రతి వీధిలో ఒకటో రెండో మిలిట్రీ ఇళ్ళు ఉండేవి. గుమ్మంలోకి అడుగు పెట్టగానే నల్ల ట్రంకు పెట్టె కనిపించేది, దాని మీద తెల్ల రంగుతో నంబరు, హోదా, పేరు. మామయ్యా మా ఊరివాడే. చిన్నతనంలోనే సిగ్నల్స్‌లో చేరాడు. 1950లో సెలవు మీద వచ్చి అత్తయ్యని చేసుకున్నాడు. ఉన్న ఊరి సంబంధం, పుట్టిల్లు పక్క వీధి. ఆయనకి ఏడాదికి రెండు నెలలు సెలవు. పెళ్ళి, పదహారు రోజుల పండగ, చుట్టాల ఇళ్ళకి తిరగడం అయ్యేసరికి మిగిలింది వారం. ఆ వారం అయ్యాక ఆయన హోల్డాల్ చుట్టుకుని గూడెం స్టేషన్‌లో రైలెక్కాడు. ఆవిడకి 17 ఏళ్ళు.

మొదటి ఉత్తరం నెల తిరిగాక వచ్చిందట. ఇంట్లో చదువు వచ్చినవాళ్ళు లేరు. పోస్ట్‌మాన్ అరుగు మీద కూర్చుని, మామగారూ అత్తగారూ పక్కింటివాళ్ళూ వింటుండగా పైకి చదివాడు. అందరి క్షేమమూ అడిగాక ఆఖర్న ఒక్క వాక్యం, ఆవిడ కోసం. అది చదివేటప్పుడు పోస్ట్‌మాన్ గొంతు తగ్గించాడట, పాపం, మర్యాదస్తుడు. అరుగు మీద ఎవరో నవ్వారు. అత్తయ్య తలుపు చాటున నిలబడి ఉంది. ఆ రాత్రి పుట్టింటికి వెళ్ళి, పదేళ్ళ తమ్ముణ్ణి లేపి, "నాకు అక్షరాలు నేర్పరా" అని అడిగింది. ఆ తమ్ముడు మా నాన్న. పలకా బలపమూ ఆయనవే. ఇంటి వెనక సావిట్లో, లాంతరు వెలుగులో, గేదెల పక్కన, అక్క చెయ్యి పట్టుకుని దిద్దించానని ఆయన చివరిదాకా చెప్పుకునేవాడు. ఆరు నెలలకి ఆవిడ ఉత్తరం చదవగలిగింది, ఏడాదికి రాయగలిగింది. తన ఒక్క వాక్యం తను చదువుకోవాలని మొదలుపెట్టిన చదువు అది. దాన్ని ఎవరైనా సమాజ సేవ అంటారా? అనరు. కానీ నేను ఎంత వెనక్కి వెళ్ళి వెతికినా ఆవిడ చేసిన ప్రతి పనికీ వేరు అక్కడే దొరుకుతుంది. తన సిగ్గు ఇంకొకరికి వద్దనుకుంది. అరుగు మీద ఉత్తరాలు చదివించుకునే ఆడవాళ్ళు ఒక్కొక్కరే మధ్యాహ్నం పూట, గిన్నెలు తోముకున్నాక, కొంగు చాటున ఇన్‌ల్యాండ్ కవరు పెట్టుకుని ఆవిడ పెరట్లోకి రావడం మొదలైంది.

ఆ ఉత్తరాల మీద చిరునామా ఒక వింత. ఊరి పేరు ఉండదు. నంబరు, హోదా, పేరు, యూనిట్, ఆ కింద 56 ఏపీఓ. అంతే. మనిషి ఏ కొండ మీద ఉన్నాడో, ఏ నది ఒడ్డున ఉన్నాడో తెలియదు. ఉత్తరం ఢిల్లీలోని సైన్యపు పోస్టాఫీసుకి చేరితే అక్కడివాళ్ళు ఏ యూనిట్ ఎక్కడుందో చూసి పంపిస్తారు. మొగుడు ఎక్కడున్నాడో తెలియని ఇల్లాళ్ళకి ఆయన నంబరు మాత్రం నోటికొచ్చు. అత్తయ్యకి తనదే కాదు, ఊళ్ళో ఇరవై మంది నంబర్లు వచ్చు, చంటిపిల్లల పేర్లలా గడగడా చెప్పేది. మామయ్య పని సిగ్నల్స్‌లో. ఒక చోటి మాట ఇంకో చోటికి చేర్చడమే ఆయన ఉద్యోగం. ఆ దళం నినాదం తీవ్ర చౌకస్ అని ఆయన ట్రంకు పెట్టెలోని ఒక బిళ్ళ మీద ఉండేది. వేగంగానూ, మెలకువగానూ ఉండమని. కొండల మీద స్తంభాలు పాతి, తీగలు లాగి, రాత్రంతా చెవికి తొడుగు పెట్టుకుని ఎవరెవరి కబుర్లో అందించినవాడి కబురు కోసం ఇక్కడ ఇంత ఇంట్లో ఒక మనిషి ఇరవై రోజులు చూసేది. మెలకువ ఇద్దరికీ వచ్చిన ఉద్యోగమే. బిళ్ళ ఒక్కరికే ఇచ్చారు.

మూడేళ్ళపాటు మాత్రం ఆవిడా ఆయన వెంట వెళ్ళింది. జబల్‌పూర్‌లో కుటుంబాల క్వార్టర్స్. రెండు గదులు, వెనక ఇంత వరండా. భాష రాదు. పక్క క్వార్టర్‌లో ఒక పంజాబీ హవల్దారు భార్య. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి పంజాబీ రాదు. ఆవిడ ఊలుతో స్వెట్టరు అల్లడం నేర్పింది, ఈవిడ గోంగూర పచ్చడి నూరడం నేర్పింది. ఒకరికి పురుడొస్తే ఇంకొకరు కంచం పట్టారు. అక్కడ ఎవరి మొగుడు ఫీల్డుకి వెళ్ళినా ఆ ఇంటి పొయ్యి ఆరకుండా చూడటం మిగతా ఆడవాళ్ళ పని అని ఎవరూ చెప్పకుండానే తెలుసట. సైనికుల భార్యల సంక్షేమానికి సంఘం 1966లో వచ్చింది, చేయాల్సింది ఎంతో చేసింది కూడా. కానీ సంఘానికి ముందు వరండా ఉంది. నాకు ఆ వరండాయే ఎక్కువ కనిపిస్తుంది. కాన్పుకి ఇంటికొచ్చిన అత్తయ్య మళ్ళీ జబల్‌పూర్ వెళ్ళలేదు, ఆయన్ని కాశ్మీరు వైపు వేశారు. ఆ వరండాని మాత్రం తనతో మా ఊరికి తెచ్చుకుంది.

1962 అక్టోబరు 20న చైనా యుద్ధం మొదలైంది. నెల రోజులు సాగింది. చలికి తగ్గ బట్టలు లేకుండా మనవాళ్ళని అంత ఎత్తు కొండల మీదికి పంపారన్న మాట ఊళ్ళోకి రేడియోలోంచి రాలేదు, సెలవు మీద వచ్చినవాళ్ళ నోట వచ్చింది. దేశమంతటా ఆడవాళ్ళు నగలిచ్చారు, ఉన్ని బట్టలు అల్లారు. మా ఊళ్ళో చలి అంటే సంక్రాంతికి భోగిమంట ముందు అరగంట. అక్కడ అత్తయ్య ఊలు ఉండలు తెప్పించి, వెదురు పుల్లలు చెక్కించి, పెరట్లో పదహారు మందిని కూర్చోబెట్టింది. మా అమ్మ అందులో ఒకతె. చేతులకి చెమట పట్టి దారం పుల్లకి అంటుకుపోయేదట. ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, ప్రతి వరసకీ ఒకసారి చేతులు తుడుచుకుంటూ అల్లారట. ఎవరి కొలతా తెలియదు. ఎంత వెడల్పు వేయమంటావని అడిగితే, మీ ఇంట్లో మగవాణ్ణి తలుచుకుని వేయండి, ఎవడికో ఒకడికి సరిపోతుంది అందట అత్తయ్య. ఆ మాట మా అమ్మ చెప్పినప్పుడల్లా నేను ఆగిపోతాను. తన మగవాడి కొలతతో ఇంకెవరి మగవాడికో స్వెట్టరు అల్లడం. ఎక్కడో ఇంకో పెరట్లో ఇంకెవరో తన మొగుడికి అలాగే అల్లుతూ ఉంటుందన్న నమ్మకం ఉంటే తప్ప ఆ పుల్ల కదలదు. పరోపకారం అంటే నాకు తెలిసిన మంచి వివరణ అదే.

కానీ ఆవిణ్ణి నేను మంచితనపు బొమ్మలా చేసేస్తున్నానా? ఆ భయం ఉంది. కొన్ని సంగతులు ఆవిడ అరుదుగా చెప్పింది, ఒక్కసారే చెప్పినవీ ఉన్నాయి. రెండో కాన్పులో ఆడపిల్ల. ఏడాదిన్నర పిల్ల జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. మామయ్య కాశ్మీరులో ఉన్నాడు, మంచుకాలం, దారులు మూసుకుపోయి ఉన్నాయి. టెలిగ్రాం ఇచ్చారు, ఉత్తరం రాశారు. అవి చేరేలోపు ఆయన దగ్గర్నుంచి వరసగా నాలుగు ఉత్తరాలు వచ్చాయి. పాప అడుగులు వేస్తోందా. నన్ను చూపిస్తే గుర్తుపడుతుందా, ఫోటో రోజూ చూపిస్తున్నావా. వచ్చేటప్పుడు ఎర్ర టోపీ తెస్తాను, తల చుట్టుకొలత దారంతో కొలిచి ఆ దారం కవర్లో పెట్టి పంపు. ఊరందరి ఉత్తరాలూ చదివిపెట్టిన మనిషి ఆ నాలుగూ ఒక్కతే చదువుకుంది. "చదువు ఎందుకు నేర్చుకున్నానా అనిపించింది తల్లీ" అంది నాతో, ఎన్నో ఏళ్ళ తర్వాత, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. "అరుగు మీద పోస్ట్‌మాన్ చదివితే, ఆ నాలుగూ విని నాతోపాటు ఏడ్చేవాళ్ళు ఉండేవాళ్ళు కదా." నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను. గుట్టు కాపాడుకోవడానికి నేర్చుకున్న చదువు గుండె కోతని కూడా గుట్టుగానే ఉంచేసింది.

అందుకేనేమో ఆ తర్వాత ఆవిడ ఉత్తరాలు చదివే తీరు మారిందని మా అమ్మ అనేది. ముందు మొత్తం తనలో తను చదువుకునేది. అప్పుడు తలెత్తి ఎదురుగా ఉన్న మొహం చూసి, ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయించుకునేది. కోపంతో రాసిన మాటలు కొన్ని చదివేది కాదు. అలాంటివి ఉన్నప్పుడు జవాబు రాసేటప్పుడు అట్టడుగున తన తరఫున ఒక వాక్యం చేర్చేది: నాయనా, ఈ ఉత్తరం చదివి వినిపించేది మీ అత్తయ్యని, చూసి రాయి. అలా దాచే హక్కు ఆవిడకి ఉందా? ఒకరి మాట ఇంకొకరికి చేర్చేవాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు చేర్చాలని చదువుకున్నదాన్ని నేను, పెద్దయ్యాక ఆవిడతో వాదించాను. ఆవిడ కోప్పడలేదు. "మోసుకొచ్చేవాడు బరువు తగ్గించకూడదమ్మా. నిజమే. కానీ ఎక్కడ దించాలో చూసి దించాలి" అంది.

ఎలా దించుతారో నా కళ్ళతో చూశాను. 1971 డిసెంబరు, నాకు ఎనిమిదేళ్ళు. డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో ముగిసిన యుద్ధం. విశాఖలో దీపాలు ఆర్పించారని విని మా ఊళ్ళోనూ లాంతర్లకి కాగితాలు చుట్టారు. రేడియో ఉన్న ఇంటి ముందు రాత్రుళ్ళు జనం. యుద్ధం గెలిచామని అందరూ మిఠాయిలు పంచుకున్న రెండు రోజులకి పోస్ట్‌మాన్ సైకిలు దిగి, నేరుగా వెళ్ళాల్సిన ఇంటికి వెళ్ళకుండా అత్తయ్య దగ్గరికి వచ్చాడు. చేతిలో టెలిగ్రాం. ఇంగ్లీషులో ఆవిడకి తెలిసిన మాటలు చాలా తక్కువ. "రిగ్రెట్" అన్నది అందులో ఒకటి. ఆవిడ చీర కొంగు సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. అది పడమటి వీధి, మూడో ఇల్లు. ఆ ఇంటి కోడలికి ఇరవై ఏళ్ళుంటాయి, ముగ్గు గిన్నె కడుగుతోంది. అత్తయ్యని చూసి నవ్వింది. అత్తయ్య కూర్చోలేదు, ఏమీ చెప్పలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గిన్నె దించింది. కట్టెలు వెనక్కి లాగి నీళ్ళు చిలకరించింది. తడిసిన నిప్పు సుయ్యిమన్న చప్పుడు నాకు ఈ క్షణంలో కూడా వినిపిస్తుంది. ఉయ్యాల్లో పిల్లని తీసి పక్కింటావిడ చేతికిచ్చింది. వీధి తలుపు వారగా వేసింది. అప్పుడు వెళ్ళి ఆ కోడలి పక్కన నేల మీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది. కాగితం విప్పనే లేదు. విప్పాల్సిన పని లేకపోయింది.

ముందు పొయ్యి ఎందుకు ఆర్పావని చాలా ఏళ్ళకి అడిగాను. "ఆ మాట విన్నాక ఆ ఇంట్లో ఇంక పొయ్యి సంగతి ఎవరికి పడుతుంది? అన్నం మాడిపోతుంది. జన్మంతా మాడు వాసన వచ్చినప్పుడల్లా దానికి ఆ రోజే గుర్తొస్తుంది. మొగుణ్ణి ఎలాగూ తెచ్చివ్వలేం. ఆ వాసనైనా లేకుండా చేయొచ్చు కదా" అంది.

మన సాహిత్యంలో వీరుల భార్యలు లేక కాదు. పల్నాటి కథలో మాంచాల ఉంది, పెళ్ళయి కాపురం ఎరగని మొగుడు బాలచంద్రుణ్ణి యుద్ధానికి సాగనంపింది. యుద్ధంలోంచి వెనక్కి వచ్చిన ఖడ్గ తిక్కన స్నానానికి మంచం అడ్డు పెట్టి, పసుపు ముద్ద ఉంచిన భార్య ఉంది. వాళ్ళ కథలు విని రోమాలు నిక్కబొడుచుకోని తెలుగువాళ్ళు ఉండరు. కానీ ఆలోచిస్తే ఒకటి అనిపిస్తుంది. ఆ కథలన్నీ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. వెళ్ళమనడం, లేదా వెనక్కి వచ్చినవాణ్ణి మళ్ళీ పంపడం. గుమ్మం దాటి అతను వెళ్ళాక, తలుపు వేసుకుని లోపలికి వచ్చాక, మర్నాడు పొద్దున్న పాలవాడికి ఏం చెప్పింది, పిల్లాడికి జ్వరం వస్తే ఎవరి బండి అడిగింది, పండగనాడు కొత్త చీర కట్టుకోవాలా వద్దా అని ఎంతసేపు ఆలోచించింది? అవి కావ్యాలకి పట్టలేదు. పట్టినవాళ్ళు మన ఆడవాళ్ళే, ఊర్మిళాదేవి నిద్ర పాటలో. రాముడూ సీతా లక్ష్మణుడూ అడవికి వెళ్తే వెనక మిగిలిపోయిన మనిషిని పట్టించుకున్నది దంపుళ్ళ దగ్గరా, మధ్యాహ్నం వసారాల్లోనూ పాడుకున్న ఆ పాటే. పద్నాలుగేళ్ళు ఆవిడ నిద్రపోతుంది. లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే గుర్తుపట్టదు, ఎవరో పరాయివాడనుకుని కోప్పడుతుంది, పరస్త్రీని కోరి చెడినవాళ్ళ సంగతులన్నీ చెప్పి హెచ్చరిస్తుంది.

అత్తయ్యకి ఆ పాట మొత్తం వచ్చు. పాడుతూ పాడుతూ ఒక చోట ఆగి, "ఊర్మిళకి నిద్రయినా దొరికింది" అనేది. ఊర్మిళకి చంటిపిల్లలు లేరు, రాత్రి గేదె ఈనేది లేదు, మామగారికి ఆయాసం లేదు, పక్కింటివాళ్ళ ఉత్తరాలు లేవు. ఆ ఒక్క మాట తప్ప ఆవిడ నోట ఫిర్యాదు నేను వినలేదు. కానీ గుర్తుపట్టకపోవడం మాత్రం అక్షరాలా నిజమనేది. పెద్ద కొడుకు నాలుగేళ్ళవాడు, సెలవుకొచ్చిన తండ్రిని చూసి వీధి చివరిదాకా పరుగెత్తి, మనింటికి ఎవరో మిలిట్రీ మామయ్య వచ్చాడని అందరికీ చెప్పి వచ్చాడట. ఆ రాత్రి ఆయన పిల్లాడి మంచం పక్కన కూర్చుని చాలాసేపు వాడి మొహం వంకే చూస్తూ ఉన్నాడట. సుబేదారుగా రిటైరై 1973లో ఇంటికి వచ్చేశాక కూడా చాలాకాలం పట్టింది. పాతికేళ్ళుగా ఇంటి లెక్కలన్నీ తన చేతిమీదుగా నడిపిన మనిషి, పాతికేళ్ళుగా ఇంటిని ఉత్తరాల్లో తప్ప ఎరగని మనిషి. "ఒకరినొకరం మళ్ళీ మొదట్నుంచి అడిగి తెలుసుకున్నాం" అనేది. అందులో సిగ్గూ ఉండేది, సంతోషమూ ఉండేది.

రెండో కొడుకూ సైన్యంలోకే వెళ్ళాడు. వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. 1999లో కార్గిల్ యుద్ధం వచ్చేసరికి మామయ్య పోయి మూడేళ్ళు. ఈసారి యుద్ధం ఇంట్లోకే వచ్చింది, టీవీలో, గంట గంటకీ. ఆవిడ ఒక్క వార్తా చూడలేదు. పొద్దున్నే లేచి ఎవరెవరి పిల్లలు అటు ఉన్నారో ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళి వచ్చేది, 66 ఏళ్ళ వయసులో, మే నెల ఎండలో. ఏమీ చెప్పేది కాదు. కాసేపు కూర్చుని, కాసిన్ని మంచినీళ్ళు తాగి వచ్చేసేది. భార్యగా చూసిన ఎదురుచూపు వేరు, తల్లిగా చూసే ఎదురుచూపు వేరు అని ఒకసారి అంది. ఎలా వేరు అంటే, "మొగుడి కోసం ఎదురుచూసినప్పుడు వయసుంది, కోపం వచ్చేది. కోపం ఒక ఆసరా. కొడుకు మీద కోపం రాదు" అంది. కొడుకు క్షేమంగా వచ్చాడు. ఆ రోజు ఆవిడ గుడికి వెళ్ళలేదు. ఆ ఇళ్ళలో కొడుకు ఫోను చేయని ఇల్లు ఇంకా ఒకటుంది, అక్కడికి వెళ్ళింది.

చివరి ఇరవై ఏళ్ళూ ఆవిడ పని కాగితాలతో. సైనికుడికి పెళ్ళయితే, పిల్లలు పుడితే, పార్ట్ టూ ఆర్డరులో వేయించాలి. ఆ ఆర్డరులో భార్య పేరు ఎలా పడితే ఆవిడ బతుకు అలా ఉంటుంది. ఇంటిపేరు ముందుండాల్సింది వెనక పడుతుంది, ఒక అక్షరం తారుమారవుతుంది, పుట్టిన తేదీ బదులు జనవరి 1 పడుతుంది. మగమనిషి ఉన్నన్నాళ్ళూ ఎవరూ చూడరు. ఆయన పోయాక ఆ ఒక్క అక్షరం కొండై కూర్చుంటుంది. మా ఊళ్ళో ఒకామెకి అలాగే ఒక ఆఫీసు చుట్టూ తిరగడంతోనే మూడేళ్ళు పోయాయి, చివరి జీతంలో 30 శాతం వచ్చే కుటుంబ పింఛను కోసం. అప్పట్నుంచి అత్తయ్య ఒక అలవాటు పెట్టింది. దసరా నాడు ఆయుధపూజ అవగానే ప్రతి మిలిట్రీ ఇల్లాలూ ట్రంకు పెట్టె తెరిచి, డిశ్చార్జి పుస్తకమూ పింఛను కాగితమూ బయటికి తీసి, తన పేరు తను వేలు పెట్టి చదువుకోవాలి. చదవడం రానివాళ్ళకి ఆవిడ చూపించేది: ఇదిగో, ఇది నువ్వు. ఎంతో మంది ఆడవాళ్ళు తమ పేరు అచ్చులో మొదటిసారి చూసుకున్నది ఆ దసరాల్లోనే.

ఇప్పుడు మామయ్య డిశ్చార్జి పుస్తకం నా దగ్గరే ఉంది. చేరిన తేదీ, పని చేసిన చోట్లు, పతకాలు, ప్రవర్తన అత్యుత్తమం అన్న మాట, విడుదల తేదీ. ఒక జీవితం అందులో సర్దుకుంది. అత్తయ్య అందులో ఒక్క గీత. పేరు, ఆ పక్కన భార్య అని. అదీ అక్షరం తప్పు లేకుండా ఉంది, తను సరిచేయించుకుంది. ఆవిడ ఎప్పుడు చేరినట్టు? పలక పట్టుకున్న రాత్రా, రైలు కదిలిన సాయంత్రమా? విడుదల ఎప్పుడు? 80 ఏళ్ళు దాటాక కూడా వీధిలో సైకిలు బెల్లు మోగితే నిద్రలోంచి లేచి కూర్చునేది. ఆ పోస్ట్‌మాన్ ఎప్పుడో పోయాడు, ఆ టెలిగ్రాములే లేకుండా పోయాయి, చెవి మాత్రం డ్యూటీ దిగలేదు. ఆఖరి నెలల్లో మనుషుల్ని పోల్చుకోలేకపోయేది. నన్ను మా అమ్మ అనుకునేది. ఆస్పత్రిలో ఫోను నంబరు చెప్పమంటే మామయ్య సైన్యం నంబరు చెప్పింది, ఒక్క అంకె పొల్లు పోకుండా. మార్చిలో ఒక మధ్యాహ్నం నిద్రలో పోయింది. గాఢంగా, ఒక పక్కకి ఒత్తిగిలి, నోరు కాస్త తెరుచుకుని. ఆవిణ్ణి అంత నిద్రలో నేను ఎప్పుడూ చూడలేదు. లేపబుద్ధి కాలేదు, లేవదని తెలియక ముందు కూడా.

ఫోనులో ఆ మెసేజీ వచ్చిన మూడో రోజున మా వీధిలో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి గేటు తీసుకుని లోపలికి వచ్చింది. భర్త లడాఖ్ వైపు ఎక్కడో ఉన్నాడు. డిగ్రీ చదివింది, ఉత్తరాలతో పని లేదు, రోజూ వీడియోలో మాట్లాడుకుంటారు, సిగ్నల్ ఉన్న రోజుల్లో. "పిన్నిగారూ, యూనిట్ నుంచి ఏదో కాగితం పంపించారంట, అంతా హిందీలోనూ పొట్టి అక్షరాల్లోనూ ఉంది. ఆయన ఫోను రెండు రోజులుగా కలవట్లేదు. చదివి పెడతారా? అత్తయ్యగారు ఉంటే ఆవిణ్ణే అడుగుదును" అని ఫోను నా చేతిలో పెట్టింది. వేళ్ళు వణుకుతున్నాయి. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చూశాను. పెళ్ళి నమోదు చేసిన పార్ట్ టూ ఆర్డరు. పేరూ, ఇంటిపేరూ, తేదీ, అన్నీ అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయి. మంచి కబురు. చెప్పడానికి నోరు తెరిచాను. నాకు తెలియకుండానే వేరే మాట వచ్చింది.

"పొయ్యి మీద ఏమైనా పెట్టి వచ్చావా అమ్మా?"

"పాలు పెట్టానండీ. సిమ్‌లోనే ఉంది."

"ముందు వెళ్ళి ఆపి రా తల్లీ. వచ్చి ఇలా నా పక్కన కూర్చో. నీ పేరు నీకు చూపిస్తాను."